ముందు మెకానిక్, ఆఖరున మెషీన్

వాషింగ్ మెషీన్ కొనదలచుకుంటే ఇప్పుడే షోరూమ్‌కు వెళ్లకండి. వెళ్తే అక్కడి కుర్రాడు "ఇంట్లో ఎంతమంది ఉంటారు సార్, బడ్జెట్ ఎంత సార్" అని రెండే ప్రశ్నలడిగి మిమ్మల్ని ఒక మెషీన్ ముందు నిలబెడతాడు. మీ ట్యాంకులో ఎలాంటి నీళ్లున్నాయో అడగడు. మీ దండెం ఎండలో ఉందో నీడలో ఉందో అడగడు. ఉతికేది ఎవరో అసలే అడగడు. అతని తప్పేమీ లేదు, అమ్మడం అతని పని. ఇవన్నీ కనుక్కోవడం మీ పని. మొదట మెకానిక్‌ను ఎంచుకోండి, తర్వాత నీళ్లు చూసుకోండి, ఉతికే మనిషిని తేల్చుకోండి, దండెం సంగతి చూడండి. మెషీన్ మాట ఆ తర్వాతే. ఊరంతా చెప్పే వరుసకు ఇది పూర్తిగా తలకిందులని నాకు తెలుసు. అయినా ఎవరడిగినా ఇదే చెబుతాను.

మీ పేటలో వాషింగ్ మెషీన్లు బాగుచేసే మనిషి ఎవరో కనుక్కోండి. కంపెనీ కాల్ సెంటర్ నంబరు కాదు, కొట్టు ఉన్న మనిషి. కొట్టు ముందు విప్పేసిన డ్రమ్ములు, మూతలు, మట్టి కొట్టుకున్న మోటార్లు పడి ఉంటాయి. అదే మీకు అసలైన షోరూమ్. వీలైతే ఒక సాయంత్రం అక్కడ కూర్చోండి. "అన్నా, ఏ మెషీన్ మంచిది?" అని మాత్రం అడగకండి. దానికి ఎవరైనా నోటికొచ్చిన పేరు చెబుతారు. "ఏది నువ్వు పూర్తిగా విప్పి మళ్లీ బిగించగలవు? ఏ మెషీన్ సామాను ఈ క్షణాన నీ కొట్లో ఉంది?" అని అడగండి. అతను చెప్పిన మెషీనే కొనండి. దానికంటే అందమైనది, చవకైనది, మీ బావగారు మెచ్చుకున్నది ఎన్ని ఉన్నా సరే.

ఎందుకింత పట్టుదల అంటే, ఈ రోజు వచ్చే చాలా ఫ్రంట్ లోడ్ మెషీన్లలో బయటి టబ్బు రెండు ప్లాస్టిక్ సగాలను కలిపి అతికించేసినది. లోపల బేరింగ్ పోతే బేరింగ్ మార్చడం కుదరదు, టబ్బంతా మార్చమంటారు. ఎలక్ట్రానిక్ బోర్డు మీద తేమ తగలకుండా జిగురులాంటి పదార్థం పోసి గట్టిపరుస్తారు. తేమ నుంచి కాపాడే ఆ పూతే దాన్ని బాగుచేయడానికి వీల్లేకుండా చేస్తుంది. సెమీ ఆటోమేటిక్‌లో బెల్టు, టైమరు, కెపాసిటరు, బ్రేకు తీగ, నీళ్లు వదిలే వాల్వు, రబ్బరు సీలు అన్నీ విడివిడిగా ఊడి వస్తాయి, విడివిడిగా దొరుకుతాయి.

"మోటారుకు పదేళ్ల వారంటీ" అన్న స్టిక్కర్ చూసి పొంగిపోకండి. ముందు పోయేది సాధారణంగా మోటారు కాదు. నీళ్లు లోపలికి వచ్చే వాల్వు, బయటికి తోసే పంపు, తలుపు చుట్టూ ఉండే రబ్బరు, బోర్డు, ఇవి పోతాయి. వాటికి ఎన్నేళ్లో చిన్న అక్షరాల్లో చదవండి. యూరప్‌లో 2021 మార్చి నుంచి అమల్లో ఉన్న నిబంధన ప్రకారం, ఒక మోడల్ అమ్మకం ఆగిపోయాక కూడా కనీసం పదేళ్లు దాని ముఖ్యమైన విడిభాగాలు దొరకాలి. ఫ్రాన్స్‌లో అదే ఏడాది జనవరి నుంచి ఫ్రంట్ లోడ్ మెషీన్ల మీద ఎంత సులువుగా బాగుచేయవచ్చో పదికి ఇన్ని మార్కులని వేసి అమ్మారు. మన దేశంలో వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ పోర్టల్ తెరిచింది, కానీ షోరూమ్‌లో మెషీన్ మీద అలాంటి మార్కుల పట్టీ లేదు. మనకు ఆ మార్కులు వేయగలవాడు పేటలోని మెకానిక్కే.

ఇక నీళ్లు. ఇక్కడ తొందరపడకండి, ఎన్నాళ్లు పట్టినా పట్టనివ్వండి.

ఒక పారదర్శకమైన సీసాలో సగం వరకు మీ కుళాయి నీళ్లు పట్టి, మామూలు సబ్బు తరుగు కాస్త వేసి గట్టిగా కుదపండి. సర్ఫు పొడి వేయకండి, అది ఎలాంటి నీళ్లలోనైనా నురుగిచ్చి పరీక్షను చెడగొడుతుంది. సీసా నిండా నురుగు నిలిస్తే మీ నీళ్లు మెత్తనివి. నురుగు రాక, తెల్లటి తెట్టు పైకి తేలితే గట్టి నీళ్లు. నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బును పట్టుకుని అలా తెట్టు కట్టేస్తాయి. తాగునీటికి భారత ప్రమాణాల సంస్థ పెట్టిన హద్దు చూస్తే లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు కాఠిన్యం మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా ఫరవాలేదు. మన ఊళ్లలో బోర్ల నీళ్లు ఆ పై హద్దును దాటేచోట్లు ఉన్నాయి. ఆర్వో అమ్మేవాళ్లు జేబులోంచి తీసి చూపించే టీడీఎస్ మీటరు నీళ్లలో కరిగి ఉన్న లవణాలన్నిటినీ కలిపి లెక్కిస్తుంది, కాఠిన్యం ఎంతో విడిగా చెప్పదు. సీసా పరీక్షే నమ్మండి. ఇంకా సందేహముంటే స్నానానికి నీళ్లు కాచే హీటర్ కడ్డీ చూడండి. దాని మీద తెల్లటి పెచ్చు దళసరిగా పేరుకుని ఉంటే, ఫ్రంట్ లోడ్ మెషీన్ లోపలున్న హీటరుకూ అదే గతి. వేడెక్కినప్పుడే గట్టి నీళ్లలోని సున్నం విడిపోయి అంటుకుంటుంది. అలాంటి ఇంట్లో హీటరున్న మెషీన్‌కు అదనంగా డబ్బు పోయడం వృథా. ఇప్పటికే అలాంటి మెషీన్ ఉన్నవాళ్లు వేడి ప్రోగ్రామ్ వాడటం మానేసి, అప్పుడప్పుడు నిమ్మ ఉప్పు వేసి ఖాళీగా తిప్పండి.

ఇప్పుడు ధార చూడండి. పది మీటర్ల ఎత్తులో నిలిచిన నీటికి కింద ఉండే ఒత్తిడి సుమారు ఒక బార్. చాలా ఫ్రంట్ లోడ్ మెషీన్ల పుస్తకాల్లో కనీసం 0.3 లేదా 0.5 బార్ ఉండాలని రాసి ఉంటుంది. అంటే కుళాయికీ ట్యాంకులో నీటి మట్టానికీ మధ్య మూడు నుంచి ఐదు మీటర్ల ఎత్తుండాలి. అపార్టుమెంట్లో మొదటి అంతస్తులో ఉంటే చింత లేదు. నెత్తి మీదే ట్యాంకున్న పై అంతస్తు వాళ్లకు ఆ ఎత్తు దొరకదు. మెషీన్ నీళ్ల కోసం ఎదురుచూసి ఎదురుచూసి ఎర్రర్ చూపించి ఆగిపోతుంది. సర్వీసు మనిషి వస్తాడు, పంపు పెట్టుకోమంటాడు, దానికింకో ఖర్చు. ముందే గజం బద్దతో కొలుచుకుంటే ఈ తిప్పలన్నీ తప్పుతాయి.

ఇవన్నీ ఎప్పుడు చేయాలంటే, మే నెలలో చేయాలి. దసరా, దీపావళి ఆఫర్లలో మెషీన్ కొనవద్దని నేను గట్టిగా చెబుతాను. ఆ ఆఫర్లొచ్చే రోజులకు వానలు పడి, బోర్లలో నీళ్లు పైకొచ్చి, ట్యాంకులు నిండి ఉంటాయి. ఏడాది మొత్తంలో మీ ఇంటి నీళ్లు అంత మంచిగా కనిపించేది అప్పుడే. మెషీన్ బతకాల్సింది మాత్రం పన్నెండు నెలలూ. బోరు అడుగంటి, మున్సిపాలిటీ నీళ్లు రెండు రోజులకొకసారి వచ్చి, ట్యాంకర్ కోసం వాట్సాప్ గ్రూపులో అపార్టుమెంటంతా కొట్టుకునే వారంలో బకెట్టు నిండడానికి ఎంతసేపు పట్టిందో గడియారం పెట్టి చూడండి. ఆ నీళ్లతో ఉతకగలిగిన మెషీనే మీ మెషీన్. పండగ తగ్గింపు పోతే పోనివ్వండి. కొత్తగా ఇల్లు మారినవాళ్లు ఒక వేసవి ఆ ఇంట్లో గడిచేదాకా చేత్తోనే ఉతుక్కోవాలి, లేదా లాండ్రీకి ఇవ్వాలి.

ఈ కారణంతోనే పెళ్లి సారెలో వాషింగ్ మెషీన్ పెట్టే పద్ధతిని ఆపేయాలంటాను. అమ్మాయి వెళ్లే ఇంట్లో ఏ నీళ్లొస్తాయో చూడకుండా, మంచం, బీరువా వరుసలో మెషీన్ కూడా కొని లారీ ఎక్కించేస్తారు. అది తీరా అక్కడికి వెళ్లి వరండాలో అట్టపెట్టెలోనే ఉండిపోతుంది, లేదా గుడ్డ కప్పుకుని పైన కుంకుడుకాయల డబ్బా మోస్తూ నిలబడుతుంది. డల్లాస్ నుంచి కొడుకులు ఆన్‌లైన్లో తల్లిదండ్రులకు ఆర్డర్ పెట్టే మెషీన్లదీ ఇదే కథ. "అమ్మా, ఫోన్లోంచే ఆన్ చేసుకోవచ్చు, బట్టలు వేసి నువ్వు పడుకో" అంటాడు. "ఇక్కడ కరెంటెప్పుడు పోతుందో నాకే తెలీదు నాన్నా, ఫోనుకేం తెలుస్తుంది" అంటుంది ఆవిడ. అంత ప్రేమ ఉన్నవాడు వచ్చే వేసవి సెలవుకు వచ్చి, మేడ మీద ట్యాంకు మూత తీసి చూసి, ఆ ఊరి మెకానిక్‌తో మాట్లాడి వెళ్లి అప్పుడు కొనాలి.

తర్వాతిది చాలామందికి నచ్చదు. మెషీన్‌కు డబ్బు కట్టబోయే మనిషి, కొనే ముందు ఒక నెల ఇంట్లో బట్టలన్నీ తన చేతుల్తో ఉతకాలి. నానబెట్టడం, కాలర్లు రుద్దడం, జాడించడం, పిండడం, ఆరేయడం, మడతపెట్టడం, అన్నీ. మన ఇళ్లలో మెషీన్ ఎంచుకునే మనిషి ఒకరు, వాడే మనిషి ఇంకొకరు. ఎంచుకునే ఆయన పన్నెండు ప్రోగ్రాములు లెక్కపెడతాడు. వాడే ఆవిడకు కావలసినవి మామూలు బట్టలకొకటి, పల్చటి బట్టలకొకటి. ఒక నెల ఉతికాక ఆయన కూడా ప్రోగ్రాముల జోలికి పోడు. స్కూలు యూనిఫాం మోచేతుల దగ్గర మట్టి మెషీన్‌లో పోదని, ముందు చేత్తో రుద్దాలని తెలుస్తుంది. నీళ్లు పీల్చిన తువ్వాలు ఎత్తితే నడుము ఎక్కడ పట్టేస్తుందో తెలుస్తుంది.

ఆ నెలలో ఇంకో పని కూడా చేయండి. ఒక చేతి త్రాసు తెచ్చి, ఉతకబోయే బట్టలను పొడిగా ఉండగా తూచి గోడ మీద రాయండి. మెషీన్ మీద ఏడు కిలోలు, ఎనిమిది కిలోలు అని ఉండేది పొడి నూలు బట్టల బరువు. నూలు చీర అర కిలో అటూ ఇటూ ఉంటుంది, జీన్స్ ప్యాంటు ముప్పావు కిలో దాకా తూగుతుంది. నలుగురున్న ఇంట్లో ఒక రోజు బట్టలు తూచి చూస్తే ఎనిమిది కిలోల మెషీన్ ఎంత ఖాళీగా తిరుగుతుందో అర్థమవుతుంది. "దుప్పట్లకు పనికొస్తుంది సార్" అని తొమ్మిది కిలోలది అంటగడతారు. దుప్పట్లు ఏడాదికి ఎన్నిసార్లు ఉతుకుతాం? వాటిని రజక సోదరులకు ఇవ్వండి. ఆ పని వాళ్లు మనకంటే, మెషీన్‌కంటే బాగా చేస్తారు. తెలంగాణలో 2021 ఏప్రిల్ నుంచి లాండ్రీలకు, ధోబీ ఘాట్లకు నెలకు 250 యూనిట్ల ఉచిత కరెంటు ఇచ్చే పథకం పెట్టింది ఆ వృత్తి నిలబడాలనే. మీరు కొనే మెషీన్ మీ త్రాసు చెప్పినదానికంటే ఒక్క కిలో మాత్రమే ఎక్కువ ఉండాలి.

పట్టు చీరలు, కొత్తగా కొన్న నేత చీరలు ఏ మెషీన్‌లోనూ వేయకండి. షోరూమ్‌లో "శారీ" అని మీట ఉందని చూపిస్తారు. మంగళగిరి, పోచంపల్లి, ఉప్పాడ, ఏదైనా కానివ్వండి, ఆ మీట కోసం ఒక్క రూపాయి అదనంగా ఇవ్వద్దు. ఐదున్నర మీటర్ల బట్ట అడుగున పళ్లెం తిరిగే టబ్బులో పడితే తాడులా పేనుకుపోతుంది. రోజూ కట్టే నూలు చీరలను జాలీ సంచిలో పెట్టి వేసుకోవచ్చు. నేత చీరకు నీడన ఆరడం, చేత్తో జాడించడం, గంజి కావాలి. పట్టు చీరను డ్రై క్లీనింగ్‌కు ఇవ్వాలి.

దండెం దగ్గరికి వద్దాం. నిమిషానికి 1400 చుట్లు అని పెద్ద అక్షరాల్లో రాసి ఉన్న మెషీన్ మీకు అవసరమా అన్నది మీ ఊరి గాలి చెప్పాలి. అర మీటరు వ్యాసమున్న డ్రమ్ము 1400 చుట్లు తిరిగితే గోడకు అతుక్కున్న బట్ట మీద దాని బరువుకు దాదాపు 550 రెట్ల బలం పడుతుంది. 700 చుట్లయితే అందులో నాలుగో వంతే. విశాఖలోనో కాకినాడలోనో శ్రావణమాసంలో, కిటికీ ఊచలకు కట్టిన తాడు మీద బట్టలు రెండు రోజులైనా ముక్కవాసన కొట్టే ఇంట్లో ఆ బలానికి డబ్బు పెట్టండి, తప్పదు. అనంతపురంలో మేడ మీద ఎండ పడే దండెం ఉన్నవాళ్లు దానికి డబ్బెందుకు పెట్టాలి? ఎక్కువ వేగంతో పిండిన నూలు బట్టల మీద పడే ముడతలు ఇస్త్రీ బండి అతనికి కూడా ఒక పట్టాన లొంగవు.

కరెంటు పొదుపు చూపే స్టార్ రేటింగ్ చుక్కల గురించి నా మాట ఇంకా విడ్డూరంగా ఉంటుంది: చన్నీళ్లతో ఉతికేవాళ్లు వాటిని లెక్కలోకి తీసుకోనక్కర్లేదు. మెషీన్‌లో కరెంటు తినేది నీళ్లు వేడి చేయడం. పదిహేను లీటర్లను 25 డిగ్రీల నుంచి 60 డిగ్రీలకు తేవడానికే అర యూనిట్ పైన కావాలి. చన్నీళ్ల ఉతుకులో మోటారు తినేది యూనిట్‌లో చిన్న వంతు. మూడు చుక్కలకు, ఐదు చుక్కలకు మధ్య ధరలో వేలల్లో తేడా ఉంటే, ఆ డబ్బు బిల్లులో తిరిగి వచ్చేసరికి మెషీన్ ముసలిదైపోతుంది. ఫ్రిజ్ కొనేటప్పుడు చుక్కలు చూడండి, అది రాత్రీ పగలూ నడిచేది.

ఇంత చూశాక నా ఓటు దేనికంటే, డబ్బున్న ఇంటికైనా సరే, సెమీ ఆటోమేటిక్‌కే. అది బకెట్టుతో పోసిన నీళ్లు కూడా తీసుకుంటుంది. చూరు కింద పట్టిన వాన నీళ్లు తీసుకుంటుంది, బోరు నీళ్ల ఊళ్లో బట్టలకు అంతకంటే మంచి నీళ్లు దొరకవు. ఒకసారి కలిపిన సర్ఫు నీళ్లలో ముందు తెల్లవి, తర్వాత రంగువి, ఆ తర్వాత డోర్ మ్యాట్లు తిప్పవచ్చు. చివరికి ఆ నీళ్లతోనే బాత్‌రూమ్ కడుక్కోవచ్చు. కరెంటు పోయి వచ్చాక టైమరు మళ్లీ తిప్పుకుంటే చాలు, పని కొనసాగుతుంది.

దానికున్న లోటు కూడా చెప్పాలి. మనిషి పక్కన ఉండాలి, తడి బట్టలను ఈ టబ్బులోంచి డ్రైయర్‌లోకి ఎత్తివేయాలి. స్వీడన్ వైద్యుడు, గణాంక నిపుణుడు హన్స్ రోస్లింగ్ 2010లో వాషింగ్ మెషీన్ మీదే ఒక ప్రసంగం చేశారు. నాలుగేళ్ల వయసులో తమ ఇంటికి మొదటి మెషీన్ వచ్చిన రోజు, దాన్ని చూడటానికి అవ్వను కూడా పిలిచారని, ఆ మెషీన్ మిగిల్చిన సమయంలో అమ్మ తనను లైబ్రరీకి తీసుకెళ్లేదని చెప్పారు. మెషీన్ గురించి ఇంతకంటే ముఖ్యమైన విషయం ఇంకెవరూ చెప్పలేదు. అందుకే సెమీ ఆటోమేటిక్ కొనే ఇంట్లో ఒక నియమం ఉండాలి. ఎత్తివేసే పని ఒక్కరి మీదే పడకూడదు. మొగుడో కొడుకో వారంలో సగం రోజులు ఆ టబ్బు దగ్గర నిలబడాలి. నిలబడరని ముందే తెలిసిన ఇంట్లో, లేదా మోకాళ్లు, నడుము నొప్పి ఉన్న మనిషి ఒక్కరే ఉండే ఇంట్లో, వంగకుండా బట్టలు తీసే టాప్ లోడ్ ఆటోమేటిక్ కొనండి. నీళ్లు మెత్తగా ఉండి, ధార బాగుండి, మెకానిక్ సరేనన్న ఇంట్లో ఫ్రంట్ లోడ్ కొనుక్కోండి. అది తక్కువ నీళ్లతో బాగా ఉతుకుతుంది, అందులో నాకేమీ సందేహం లేదు. ఉతికాక తలుపు తెరిచి ఉంచకపోతే రబ్బరు మడతల్లో బూజు పడుతుంది, అంతే.

పెట్టే చోటు మెషీన్ కొనక ముందే సిద్ధం కావాలి. హీటరున్నదానికి 16 ఆంపియర్ల ప్లగ్గు కావాలి. ఏ మెషీన్‌కైనా ఎర్తింగ్ కావాలి. ప్లగ్గుకు మూడో బెజ్జం ఉన్నంత మాత్రాన దాని వెనక ఎర్త్ తీగ ఉందని కాదు, ఎలక్ట్రీషియన్‌తో పరీక్ష చేయించండి. తడి నేల, తడి చేతులు, ఇనుప పెట్టె ఉన్న చోట ఇది ప్రాణం మీది సంగతి, ఇందులో రాజీ వద్దు. సెమీ ఆటోమేటిక్‌లో నీళ్లు వాటంతట అవే కిందికి పోవాలి కాబట్టి తూము నేల మట్టానికే ఉండాలి. ఎలుకలున్న ఇల్లయితే మెషీన్ అడుగున జాలీ బిగించండి, లేకపోతే తీగలు కొరికేస్తాయి.

ఇవన్నీ అయ్యాక షోరూమ్‌కు వెళ్లండి. మెకానిక్ రాసిచ్చిన మోడల్ కాగితం చూపించి, ధర అడిగి, డబ్బు కట్టి వచ్చేయండి. ఫ్రంట్ లోడ్ కొన్నవాళ్లు, బిగించడానికి వచ్చిన మనిషి వెనక వైపు రవాణా బోల్టులు తీశాడో లేదో దగ్గరుండి చూడండి. వాటితోనే తిప్పితే మెషీన్ ఇల్లదిరేలా ఎగిరి పాడైపోతుంది. తీసిన బోల్టులను పారేయకుండా ఒక కవర్లో కట్టి బిల్లుతో పాటు దాచండి, ఇల్లు మారేటప్పుడు మళ్లీ బిగించాలి. కొత్త ఇంటికి వెళ్లాక సబ్బు తరుగు, సీసా మళ్లీ బయటికి తీయండి, అక్కడి మెకానిక్ కొట్టు ఎక్కడుందో కనుక్కోండి.